ఆన్‌లైన్ లోగో పోటీకి రెండు స్టార్లు, మా ఊరి డీటీపీ షాపుకు నాలుగు

ముందే చెప్పేస్తాను. ఆన్‌లైన్ లోగో పోటీల సైటుకు ఐదుకు రెండు. అనంతపురంలో మా డీటీపీ అన్న షాపుకు ఐదుకు నాలుగు. మహిళా వ్యాపారుల వాట్సాప్ గ్రూపులో "లోగో ఎక్కడ చేయించావక్కా" అని అడిగేవాళ్లు ఎక్కువైపోయారు. ప్రతిసారీ వాయిస్ మెసేజ్ పెట్టలేక ఇక్కడ రాస్తున్నాను. సైటు పేరు రాయను. ఇలాంటివి చాలా ఉన్నాయి, అన్నిటి పద్ధతీ దాదాపు ఒకటే, నా ఫిర్యాదు ఆ పద్ధతి మీదే. షాపు పేరు కూడా రాయను, అది ఆయనే వద్దన్నాడు. "ఉండే పని చాలక్కా, ఉగాది దాకా ఖాళీ లేదు" అని.

మాది చెక్క గానుగ నూనె. రుద్రంపేట బైపాస్ వైపు చిన్న షెడ్డు, మోటారు గానుగలు, శెనక్కాయ నూనె ఎక్కువ, నువ్వుల నూనె కొంచెం. మొదట్లో తెలిసినవాళ్లే స్టీలు క్యాన్లు తెచ్చుకుని పట్టుకుపోయేవాళ్లు. తర్వాత బెంగళూరు అపార్ట్‌మెంట్ల నుంచి ఆర్డర్లు మొదలయ్యాయి. వాళ్లకు సీసా కావాలి, సీసాకు లేబుల్ కావాలి, లేబుల్‌కు ఒక గుర్తు కావాలి. ఈ వ్యాపారంలోకి రాకముందు ఒక ప్రైవేటు కాలేజీలో కామర్స్ చెప్పేదాన్ని. అందుకే ఇందులో లెక్కలు కాస్త ఎక్కువుంటాయి, ఓర్చుకోండి.

పోటీ సంగతి చెప్పింది మా మరిది. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "వదినా, ఒక్కడి దగ్గరికి పోతే వాడి బుర్రలో ఉన్నదే ఇస్తాడు. పోటీ పెడితే ప్రపంచంలో ఉన్నోళ్లంతా మనకోసం గీస్తారు, నచ్చిందానికే డబ్బులు" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. ప్యాకేజీల్లో అన్నిటికంటే చిన్నది తీసుకుంటే ₹20,000 పైచిలుకు అయింది. అందులో సైటు తన వాటా తీసుకుని మిగిలింది గెలిచినవాళ్లకు ఇస్తుంది. ఎంత తీసుకుంటుందో డబ్బు కట్టే నాకు మాత్రం ఎక్కడా తేటగా కనిపించలేదు.

నడిచే తీరు ఇది. వ్యాపారం గురించి ఒక ఫారం నింపాలి, నచ్చే రంగులు టిక్కు పెట్టాలి. మొదటి రౌండు తెరుచుకోగానే డిజైనర్లు బొమ్మలు పంపుతారు, మనం స్టార్లు ఇస్తాం, వద్దన్నవి తీసేస్తాం. తర్వాత కొందరిని ఫైనల్‌కు ఎంచుకుని మార్పులు చెప్తాం. చివరికి ఒకరిని గెలిపిస్తే, ఆ డిజైన్ హక్కులు మనకు రాసిస్తున్నట్టు ఆన్‌లైన్‌లోనే ఒప్పందం, దాంతోపాటు ఫైళ్లు. ఫైనల్‌కు పోకముందైతే డబ్బు వెనక్కి అడగొచ్చు. ముందే గ్యారంటీ పోటీగా పెడితే, ఎవరో ఒకరికి డబ్బు ఇవ్వక తప్పదు. గ్యారంటీ ఉంటే మంచి డిజైనర్లు వస్తారని అక్కడే రాసి ఉంటుంది, అది నిజమే అయ్యుంటుంది కూడా. ఇస్తాడో ఇవ్వడో తెలియని చోట మంచివాడు కూర్చుని ఎందుకు గీస్తాడు? నేనూ గ్యారంటీ పోటీయే పెట్టాను.

మొదటి రోజు సంబరంగానే గడిచింది, అబద్ధం చెప్పను. రాత్రి ఫోన్ పక్కన పెట్టుకుని పడుకుంటే పొద్దున్నకు బొమ్మలే బొమ్మలు. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, పాకిస్తాన్, సెర్బియా. ముగిసేసరికి వందకు దగ్గరగా వచ్చాయి. మెరిసే గాజు సీసా మీద పెట్టి, వెనక ఆకుపచ్చ తోట, పక్కన చెక్క గిన్నె. మా ఆయన చూసి "ఇంత మంచి నూనె మనది కాదేమో" అన్నాడు.

రెండో రోజు నుంచి కళ్లు అలవాటు పడ్డాయి. సగానికి సగం ఒక నూనె చుక్క, ఆ చుక్కలో ఒక ఆకు. శెనక్కాయ చెట్టుకు ఆ ఆకు ఉండదు. కొన్నిట్లో ఆలివ్ కాయలు, ఒకదాంట్లో బాదం. శెనక్కాయ గీసినవాళ్లు కూడా మూడు నడుములున్న పొడుగు కాయ గీశారు. ఇక్కడ మేం ఆడించేది ఎక్కువగా కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కె-6 రకం, రెండు గింజల పొట్టి కాయ. బెంగళూరు అపార్ట్‌మెంట్‌లో ఎవరికీ ఈ తేడా పట్టదని మరిది వాదన. నాకు పడుతుంది. మాకు కాయలు ఇచ్చే రైతుకు ఇంకా ఎక్కువ పడుతుంది.

ఇంకొకటి గమనించాను. గుండ్రటి చెక్క గానుగ గీసిన ఒక డిజైన్‌కు నాలుగు స్టార్లు ఇచ్చాను. మర్నాటికి కొత్తగా వచ్చినవన్నీ గుండ్రటి చెక్క గానుగలే, రంగు మార్చి, రోకలి వంపు మార్చి. ఒకరి బొమ్మ ఇంకొకరికి కనిపించేలా ఉన్న పోటీలో ఇంతే జరుగుతుంది. మొదట గీసినామె మెసేజ్ పెట్టింది, నా ఆలోచన వాళ్లు తీసుకున్నారని. ఆమె మాట న్యాయమే, కానీ గానుగ బొమ్మ ఆమె సొంతం అని నేనెలా తేల్చాలి? ఇతరుల డిజైన్లు కనపడకుండా మూసి పెట్టే ఆప్షన్ ఒకటి ఉంటుంది. ఎవరైనా పోటీకే వెళ్తానంటే అది మాత్రం తప్పకుండా ఆన్ చేయండి.

తెలుగు అక్షరాలు వేరే గోల. పేరు తెలుగులో, కింద "చెక్క గానుగ నూనె" అని కావాలని ఫారంలో రాశాను, కాపీ చేసుకోవడానికి టైపు చేసి కూడా ఇచ్చాను. వచ్చినవాటిలో చాలా భాగం "చెక్‌క" అని వచ్చాయి. వత్తు కిందికి పోకుండా, పొల్లు పెట్టుకుని పక్కన నిలబడింది. కొన్నిట్లో ఎత్వం అక్షరం మీద కూర్చోకుండా పక్కకు జారింది. అడోబ్ సాఫ్ట్‌వేర్లలో భారతీయ భాషలకు వేరే కంపోజర్ సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేయకపోతే మన లిపి ఇలా చిందరవందర అవుతుంది. తెలుగు చదవడం రాని మనిషికి అది తప్పని ఎలా తెలుస్తుంది? వాళ్లను అనడం లేదు. గెలిస్తే తప్ప పైసా రాని పనికి, రాని లిపి నేర్చుకుని ఎవరు కూర్చుంటారు?

నా అసలు ఫిర్యాదు ఇక్కడుంది. అంతమందిలో నన్ను ప్రశ్న అడిగినవాళ్లు దాదాపు లేరు. సీసా ఎంత, అమ్మేది ఎక్కడ, పక్కన షెల్ఫ్‌లో ఎవరి నూనె ఉంటుంది, ఏమీ లేదు. ప్రశ్న అడగడానికి, జవాబు కోసం ఆగడానికి టైం పడుతుంది, గెలిచే అవకాశం నూటికి ఒకటి ఉన్నచోట ఆ టైం పెట్టడం వాళ్లకు నష్టం. తెలివైన డిజైనర్ ఏం చేస్తాడు? గంటలో ఒక బొమ్మ వేసి పడేసి, ఇంకో పోటీకి పోతాడు. ఆ తెలివిని తప్పు పట్టలేం. కానీ నేను డబ్బు కట్టింది బొమ్మకా, ఆలోచనకా? అక్కడ దొరికేది బొమ్మలే, కావాల్సినన్ని.

అడిగిన ఒకే ఒక్కరి గురించి చెప్పాలి. తిరుపతి అబ్బాయి, తెలుగులోనే మెసేజ్ పెట్టాడు. "మేడమ్, సీసా కాకుండా డబ్బాల్లో కూడా అమ్ముతారా? పేరు దూరం నుంచి చదవాలా, దగ్గర నుంచా?" అని. అతని అక్షరాలు చాలా బాగున్నాయి. బొమ్మ మాత్రం తేలిపోయింది. ఫైనల్‌కు తీసుకున్నాను, కానీ ఒకరి అక్షరాలు, ఇంకొకరి బొమ్మ కలిపి తీసుకోవడానికి కుదరదు. రెండో డిజైన్ కూడా కావాలంటే మళ్లీ డబ్బు కట్టాలి. సైటు బయట నేరుగా మాట్లాడుకుని పని ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. చివరికి అతను ఓడిపోయాడు. పోటీ ముగిశాక "పర్లేదు మేడమ్, పది పెడితే ఒకటి తగిలినా పోర్ట్‌ఫోలియోకు పనికొస్తుంది" అని రాశాడు.

మా మార్కెట్ యార్డుకు రైతు శెనక్కాయ తెస్తాడు. ఈరోజు ధర నచ్చకపోతే మూట కట్టి వెనక్కి తీసుకుపోతాడు, వారానికో నెలకో ఇంకొకరికి అమ్ముతాడు, కాయ కాయే. ఆ తిరుపతి అబ్బాయి గీసిన మా పేరు ఎవరికి అమ్మాలి? ప్రపంచంలో ఆ పేరున్న నూనె షెడ్డు మాదొక్కటే. నేను వద్దన్న క్షణంలో దాని విలువ సున్నా.

కామర్స్ పాఠం అన్నాను కదా. వంద బొమ్మలు వందమంది గీశారని, ఒక్కొక్కరు రెండేసి గంటలు పెట్టారని అనుకుందాం. రెండొందల గంటల పని. నేను కట్టిందంతా పంచినా గంటకు నూరు రూపాయలు, సైటు వాటా తీస్తే ఇంకా తక్కువ. పంచరు కూడా, ఒక్కరికే ఇస్తారు. అంటే నాకు చవగ్గా దొరికిందన్న మాట నిజమే, కానీ ఆ చవక ఎక్కడినుంచి వచ్చిందో చూస్తే మిగతా తొంభై చిల్లర మంది జేబుల్లోంచి వచ్చింది. వ్యాపారంలో రిస్కు ఎవరు మోస్తారో లాభం వాళ్లకు రావాలని పిల్లలకు చెప్పేదాన్ని. ఇక్కడ రిస్కంతా డిజైనర్ది, ఎటు పోయినా వాటా మాత్రం సైటుది.

ఇది కొత్త గొడవ కాదని తర్వాత చదివితే తెలిసింది. డబ్బు వస్తుందో రాదో తెలియకుండా ముందే పని చేసి చూపించడాన్ని డిజైనర్లు స్పెక్ వర్క్ అంటారు. జనంతో పని చేయించుకోవడానికి క్రౌడ్‌సోర్సింగ్ అని వైర్డ్ పత్రికలో జెఫ్ హౌ పేరు పెట్టింది 2006లో. ఆ రోజుల్లోనే నో-స్పెక్ అని డిజైనర్లు ఉద్యమం లాంటిది నడిపారు. అయినా 2008లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి 99డిజైన్స్ అనే డిజైన్ పోటీల సైటు మొదలైంది. సైట్‌పాయింట్ అనే చోట వెబ్ డిజైనర్లు సరదాకి ఒకరిమీద ఒకరు పోటీలు పడుతుంటే, దాన్నే వ్యాపారంగా మార్చారు. అదే ఏడాది షికాగోలో అలాంటిదే క్రౌడ్‌స్ప్రింగ్ వచ్చింది. 99డిజైన్స్‌ను 2020లో విస్టాప్రింట్ అనే ప్రింటింగ్ కంపెనీ కొనేసింది. అమెరికా డిజైనర్ల సంఘం ఏఐజీఏ 1914 నాటిది. పని చేసినవాళ్లకు న్యాయమైన డబ్బు అందాలని, ఇలాంటి పద్ధతిలో అటు కొనేవాళ్లకూ ఇటు గీసేవాళ్లకూ నష్టాలున్నాయని వాళ్లు హెచ్చరిస్తూనే ఉన్నారు. 2010 అక్టోబరులో గ్యాప్ బట్టల కంపెనీ కొత్త లోగో పెట్టి తిట్లు తింది. సరే మీరే డిజైన్లు పంపండని ఫేస్‌బుక్‌లో జనాన్ని అడిగేసరికి, ఈసారి డిజైనర్ల నుంచి ఇంకో విడత తిట్లు. వారం తిరిగేలోపే పాత లోగోకు వెళ్లిపోయింది.

ఇవన్నీ మరిదికి ఫార్వర్డ్ చేస్తే ఒకే మాటతో కొట్టేశాడు. "వదినా, రూపాయి గుర్తు కూడా పోటీలోనే వచ్చింది." నిజమే. మూడు వేలకు పైగా ఎంట్రీలు వస్తే, ఐఐటీ బొంబాయిలో చదివిన ఉదయ కుమార్ గీసిన ₹ గుర్తును 2010 జులై 15న కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. బహుమతి రెండున్నర లక్షలు. స్వచ్ఛ భారత్ కళ్లజోడు గుర్తు కూడా కేంద్ర ప్రభుత్వ సైటు మైగవ్ పెట్టిన పోటీలో కొల్హాపూర్ మనిషి ఇచ్చిందే. వీటికి నా దగ్గర గట్టి జవాబు లేదు, ఉందని నటించను. దేశం గుర్తు గీసిన పేరు జన్మంతా ఉంటుంది, ఉదయ కుమార్ ఎవరో మనందరికీ తెలుసు. నా నూనె సీసా మీద బొమ్మ గీసినవాడి పేరు ఎవరికి తెలుస్తుంది? డీటీపీ అన్న మాత్రం ఇంకా కచ్చితంగా ఉన్నాడు. "సర్కారు దగ్గర డబ్బు లేక పోటీ పెట్టిందా అక్కా?" అన్నాడు. టోక్యో ఒలింపిక్స్ సంగతి కూడా ఆయనకు చెప్పాను. మొదట ఎంచుకున్న లోగో బెల్జియంలో ఒక థియేటర్ గుర్తులా ఉందని గొడవై 2015లో వెనక్కి తీసుకున్నారు, తర్వాత అందరికీ పోటీ పెడితే పద్నాలుగు వేలకు పైగా వచ్చాయి. ఏఐజీఏ దానికీ అభ్యంతరం చెప్తూ ఉత్తరం రాసింది. అన్న విని, "పద్నాలుగు వేలు ఎవరు చూసింటారు?" అని అడిగాడు. మంచి ప్రశ్న.

పోటీని గట్టిగా సమర్థించే మాట ఒకటుంది, దాన్ని దాచను. పరిచయాలు లేని, పెద్ద కాలేజీలో చదవని కుర్రాడికి ఇది తలుపు. బెంగళూరు డిజైన్ ఏజెన్సీ తిరుపతి అబ్బాయిని లోపలికి రానివ్వకపోవచ్చు, ఈ సైటు రానిస్తుంది. నాలాంటి చిన్న వ్యాపారానికి ఏజెన్సీ లక్షల్లో చెప్తుంది. రెండు వైపులా ఇదే తలుపు. కానీ ఆ తలుపు లోపలికి వచ్చినవాళ్లలో ఒక్కరికి తప్ప కూర్చోడానికి కుర్చీ వేయరు.

ఇక గెలిచిన డిజైన్. ఇండోనేషియా డిజైనర్ది. శెనక్కాయ, నూనె చుక్క రెండూ ఒకే గీతలో కలిసిపోయాయి, ఇంటిల్లిపాదికీ నచ్చింది. ఫైనల్లో తెలుగు అక్షరాలు సరిచేయించాను. ఇంకేం, లేబుల్ ప్రింటుకు ఇద్దామని సుభాష్ రోడ్డు దగ్గర ఈ డీటీపీ షాపుకు తీసుకెళ్లాను. అక్కడ అన్న ఫైలు తెరిచి, ఏమీ అనకుండా ఆ బొమ్మను గూగుల్ లెన్స్‌లో పెట్టాడు. ఎవరికైనా అమ్మే రెడీమేడ్ (స్టాక్) బొమ్మల సైటులో అదే శెనక్కాయ, అదే చుక్క. ఇంకో దేశపు నూనె సీసా మీద కూడా అదే, రంగు వేరు. రేపు ట్రేడ్‌మార్క్‌కు వేస్తే ఏ ముఖంతో నిలబడాలి?

సైటు వాళ్లకు కంప్లయింట్ పెట్టాను. ఈ విషయంలో వాళ్లను మెచ్చుకోవాలి, జవాబు తొందరగా, మర్యాదగా వచ్చింది. ఆ డిజైనర్‌ను తీసేశారు. కానీ గ్యారంటీ పోటీ కాబట్టి డబ్బు వెనక్కి రాదు, మిగతా ఫైనల్ వాళ్లలో ఒకరిని ఎంచుకోండి అన్నారు. తిరుపతి అబ్బాయిని ఎంచుకున్నాను. అక్షరాల కోసమే ఎంచుకున్నాను. ఓడిపోయినవాడికి డబ్బు అందింది, ఈ మొత్తం కథలో నాకు కాస్త తృప్తి ఇచ్చింది అదొక్కటే. హక్కుల ఒప్పందం కూడా సైటు వైపు నుంచి పక్కాగా వచ్చింది, దానికొక స్టార్. రెండో స్టార్ ఆ అబ్బాయిని చూపించినందుకు.

బొమ్మ మాత్రం ఇంకా లేదు. అప్పుడు డీటీపీ అన్నకే పని అప్పజెప్పాను.

ఆయన షాపు చూస్తే ఎవరూ డిజైన్ కోసం వెళ్లరు. ముందు జిరాక్సు మిషన్, గోడకు పెళ్లి కార్డులు, మూల ఫ్లెక్సీ రోల్స్. కంప్యూటర్ పక్కన మాత్రం ఒక కాగితం అంటించి ఉంటుంది: "శాంపిల్ డిజైన్లు ఉచితంగా వేయబడవు." మన ఊళ్లలో ఈ మాట రాయాలంటే ధైర్యం ఉండాలి. ఫ్లెక్సీ షాపుల్లో చదరపు అడుగు లెక్కన ప్రింటుకే డబ్బు, డిజైన్ ఊరికే. అలా అలవాటై మనం కూడా "రెండు మూడు మోడల్స్ పెట్టన్నా, నచ్చితే తీసుకుంటాం" అని చాలా మామూలుగా అడుగుతాం. ఒకే లోగోకు నాలుగు షాపుల్లో శాంపిల్ వేయించి, నచ్చింది వాట్సాప్‌లో తీసుకుని, ఐదో షాపులో చవగ్గా ప్రింటు కొట్టించేవాళ్లు నాకే తెలుసు. సైటు ప్రపంచమంతా చేస్తున్నది, మనం ఒక బజారులో చేస్తున్నాం.

ఆయన రూలు ఇది. సగం అడ్వాన్సు. రెండు మోడల్స్. మూడు సార్లు మార్పులు, ఆపైన ప్రతి మార్పుకూ డబ్బు. మధ్యలో వద్దంటే అడ్వాన్సు తిరిగి రాదు. "నాకు నచ్చకపోతే?" అని అడిగాను. "నచ్చేదాకా కూర్చుంటాం అక్కా, అందుకే గదా ముందు ఇంతసేపు అడిగేది" అన్నాడు.

అడిగాడు కూడా. ముప్పావు గంట ఒక్క గీత గీయలేదు, ప్రశ్నలే. సీసా ప్లాస్టిక్‌దా, గాజుదా? నూనె చేత్తో పట్టుకుంటారు గదా, పేపర్ లేబుల్ అయితే మరక పడుతుంది, వినైల్ స్టిక్కర్ పెట్టుకుంటారా? 15 కేజీల డబ్బాలు కూడా వేస్తారా? డబ్బా మీద స్క్రీన్ ప్రింటు, రంగు పెరిగే కొద్దీ రేటు పెరుగుతుంది, మరి ఒకే రంగులో కూడా నిలబడే గుర్తు కావాలి గదా? అట్టపెట్టె మీద రబ్బరు స్టాంపు కొడతారా? పోటీలో వచ్చినవి గుర్తొచ్చి నవ్వొచ్చింది. వాటిలో సగం బంగారు రంగు నుంచి ఆకుపచ్చలోకి కరిగిపోయే షేడ్లు, డబ్బా మీద స్క్రీన్ ప్రింటుకు ఎందుకూ పనికిరావు.

లేబుల్ దగ్గర ఆయన నాకంటే ముందున్నాడు. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే లైసెన్సు 14 అంకెలకు చోటు, శాకాహారం అని చూపే ఆకుపచ్చ చతురస్రంలో చుక్క, ఎంఆర్‌పీ, ప్యాక్ చేసిన నెల, అడ్రసు, కస్టమర్ ఫోన్ నంబరు. నూనెకు లీటరు అని రాస్తే సరిపోదు, బరువు కూడా రాయాలి, 1 లీటరు దగ్గర 910 గ్రాములు అని. పోటీలో ఒక్క డిజైన్‌లో కూడా వీటికి చోటు లేదు. పోటీ లోగోకు గదా అంటారు. నిజమే, కానీ చోటెంత మిగులుతుందో తెలియకుండా లోగో ఎంత పెద్దదో ఎలా తేలుస్తారు?

అన్న ఫ్లెక్సీలు రాకముందు బోర్డులు రాసే పెయింటర్. ఇప్పటికీ మొదట కాగితం మీద బ్రష్షుతోనే రాస్తాడు. తిరుపతి అబ్బాయి అక్షరాలు చూసి, "ఈ పిల్లోడు బాగా రాసినాడు, చెడగొట్టొద్దు" అని వాటినే ఉంచాడు. వాటి పక్కన రెండు గింజల పొట్టి కాయ ఒకటి, గీతలతో, ఒకే రంగు. అంతే. మొదటి మోడల్లో కాయ నిలువుగా ఉంది, నాకు పడుకోబెట్టాలనిపించింది, పడుకోబెట్టాడు. లోగోకు ₹8,000, లేబుల్‌కు వేరే ₹3,000.

నాలుగే ఎందుకు, ఐదు కాదెందుకు? ఒక స్టార్ కోసేశాను, కారణాలున్నాయి. "రేపు" అంటే రేపు కాదు. ఫోన్ ఎత్తడు, పోయి ఎదురుగా నిలబడాలి, ఆ రోడ్డులో సాయంత్రం బండి పెట్టే చోటుండదు. పెళ్లిళ్ల సీజన్లో అసలు ఆశ పెట్టుకోవద్దు. లేబుల్లో చిన్న అక్షరాలన్నీ అను అనే పాత పద్ధతి డీటీపీ ఫాంట్లలో టైపు చేశాడు. ప్రింటుకు బాగానే ఉంటుంది గానీ ఆ అక్షరాలు ఇన్‌స్టాలోనో వెబ్‌సైట్లోనో పెట్టాలంటే చెత్త కనిపిస్తుంది. మళ్లీ ఫోన్లలో, వెబ్‌సైట్లలో సరిగ్గా కనిపించే యూనికోడ్‌లో చేయించుకోవాల్సి వచ్చింది. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, రామభద్ర, మల్లన్న లాంటివి ఉచితంగా ఉన్నాయని నేనే చూపించాను, "ఇవి బాగున్నాయే" అన్నాడు. ఫైలు కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ పాత వెర్షన్‌లో ఇస్తాడు. పీడీఎఫ్ కూడా అడిగి తీసుకోండి, అడగకపోతే ఇవ్వడు.

అన్నిటికంటే పెద్ద లోటు కాగితం. ఆయన బిల్లు ఇచ్చాడు, హక్కులు రాసివ్వలేదు. రాసివ్వాలని ఆయనకు తెలియదు. కాపీరైట్ చట్టం 1957లో సెక్షన్ 19 ప్రకారం హక్కు బదిలీ రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ల సంతకం ఉండాలి. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే అని లెక్క, ఎక్కడెక్కడో రాయకపోతే భారతదేశం వరకే. ఇది చూసి నేనే ఒక పేజీ రాసుకుని వెళ్లాను. కాలపరిమితి లేకుండా, ప్రపంచమంతా అని. అన్న రెండుసార్లు చదివి, "నా పేరు ఎక్కడో చిన్నగా వేసుకోనిస్తావా?" అని మాత్రం అడిగి సంతకం పెట్టాడు. ప్రతి లేబుల్ అడుగున ఉంది ఆ పేరు, భూతద్దం పెట్టి చూస్తే కనిపిస్తుంది.

ట్రేడ్‌మార్క్‌కు క్లాస్ 29లో వేశాం, తినే నూనెలు అందులోకి వస్తాయి. మన రాష్ట్రానికి చెన్నై ఆఫీసు. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో ఫీజు ₹4,500, మిగతావాళ్లకు ₹9,000. వేసే ముందు వాళ్ల వెబ్‌సైట్లో అలాంటి గుర్తు ముందే ఉందేమో వెతకొచ్చు, ఉచితమే.

పోటీ వల్ల ఎవరికి లాభం అంటే, కాలేజీ ఫెస్ట్‌కు టీషర్టు బొమ్మ కావాలి, పేరు ఇంగ్లీషులో ఉంది, ఒకసారి వాడి పడేసేది, అలాంటప్పుడు వెళ్లండి. అప్పుడు కూడా మూసిన పోటీ పెట్టండి, వచ్చిన ప్రతి ఫైనల్ బొమ్మనూ లెన్స్‌లో వెతకండి. పదేళ్లు సీసా మీద ఉండాల్సిన గుర్తుకైతే పని తెలిసిన ఒకరిని వెతుక్కుని, పనికి డబ్బు ఇవ్వండి. ఆ ఒకరు పోటీ సైట్లలోనే ఉండొచ్చు. పోటీ లేకుండా ఒక డిజైనర్‌ను నేరుగా కుదుర్చుకునే ఆప్షన్ చాలా సైట్లలో ఉంది, దాని గురించి ఎవరూ చెప్పరు. మా నువ్వుల నూనె లేబుల్‌కు ఆ తిరుపతి అబ్బాయిని అలాగే కుదుర్చుకున్నాం, నిబంధన తప్పకుండా.

షాపుకు పోయేవాళ్లు పొద్దున పదకొండు తర్వాత పోండి, ఆదివారం సెలవు. మీ సీసా ఖాళీది ఒకటి, పక్క షాపులో అమ్మే ఇతరుల సీసాలు రెండు చేతిలో పట్టుకుని వెళ్లండి, ఎలాగూ తెమ్మంటాడు. మెయిన్ రోడ్డు మీద కాదు, సందులోకి తిరిగాక ఎడమ చేతి వైపు, జిరాక్సు బోర్డు. డిజైన్ అని బోర్డు మీద ఎక్కడా ఉండదు.